హిజియామా కొండమీది లెక్కలు

మా పెదనాన్న ఒక జిల్లా ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన తెల్లచొక్కా జేబుకి పెన్నుతోపాటు చిన్న ప్లాస్టిక్ బ్యాడ్జీ ఒకటి ఉండేది. ఆసుపత్రిలోనే వదిలి రావలసిన వస్తువది, ఆయన మర్చిపోయి ఇంటికి వేసుకొచ్చేస్తుండేవారు. వేసవి సెలవులకి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను దాన్ని పట్టుకు లాగితే, "ఒరే, అది ఆటవస్తువు కాదు. నాకు ఎంత ఎండ తగిలిందో లెక్క రాసుకునే చిట్టా" అనేవారు. మూడు నెలలకోసారి దాన్ని బొంబాయి పంపేవారు. అక్కడ కొలిచి, ఈ మూడు నెలల్లో ఈయనకి ఇంత రేడియేషన్ తగిలిందని కాగితం పంపేవారు.

2003లో ఆయనకి లుకేమియా అని తేలింది. నేనప్పటికి అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆదివారం ఫోను చేస్తే పెద్దమ్మ మందుల గురించి, డబ్బు గురించి ఏమీ మాట్లాడలేదు. "నువ్వు చదువుకున్నవాడివి, పెద్ద దేశంలో ఉన్నావు. అక్కడెవరినైనా అడిగి చెప్పరా. ఇది ఆ ఎక్స్‌రే గది వల్లే వచ్చిందా?" అని అడిగింది. "కనుక్కుంటాను పెద్దమ్మా" అన్నాను.

నేను ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. డాక్టర్ని కాను, గణాంక శాస్త్రజ్ఞుణ్ణి అసలే కాను. సావనీరు వ్యాసాలలో మా ఊరి చెరువు గురించో, మా తాతగారి పద్యాల గురించో రాయడం మనకి ఆనవాయితీ. దానికి భిన్నంగా ఈ విషయం ఎత్తుకున్నందుకు పాఠకులు మన్నించాలి. ఆనాటి ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఏ పుస్తకం తెరిచినా, ఏ పట్టిక కింద చూసినా దారి చివరికి ఒకే చోటికి తీసుకెళ్ళింది. జపాన్‌లో, హిరోషిమా ఊరి మధ్యలో ఉన్న హిజియామా అనే చిన్న కొండ అది. దేశం కాని దేశం వెళ్ళి, ఆ కొండ మీద కూర్చుని, దశాబ్దాల తరబడి మనుషుల చావుపుట్టుకలు లెక్కపెట్టినవాళ్ళ కథ ఇది.

హిరోషిమా మీద బాంబు పడింది 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకి. మూడురోజుల తర్వాత నాగసాకి మీద. హిరోషిమాలో ఆ ఏడాది ఆఖరు లోపల సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా. బతికి బయటపడ్డవాళ్ళ ఒంట్లో ఏం జరుగుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1946 నవంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం ఇచ్చాడు. దాని ప్రకారం నేషనల్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ ఆధ్వర్యంలో 1947లో 'అటామిక్ బాంబ్ కాజువాల్టీ కమిషన్' అనే సంస్థ ఏర్పడింది. క్లుప్తంగా ఎ.బి.సి.సి. డబ్బు ఇచ్చింది అమెరికా అణుశక్తి సంఘం. అంటే బాంబు వేసిన దేశమే, బాంబులు తయారుచేసే శాఖ సొమ్ముతోనే, దాని ఫలితాన్ని పరిశీలించడానికి వచ్చిందన్నమాట. ఈ చేదు హిరోషిమా జనం నోట్లోంచి ఎన్నడూ పూర్తిగా పోలేదు.

పైగా ఆ సంస్థ నియమం పరీక్ష చెయ్యడమే, వైద్యం చెయ్యడం కాదు. కారు ఇంటికి వచ్చేది, ఎక్కించుకుని తీసుకెళ్ళేవారు, రక్తం తీసేవారు, ఎక్స్‌రేలు తీసేవారు, మళ్ళీ ఇంట్లో దిగబెట్టేవారు. మందు మాత్రం ఇచ్చేవారు కాదు. "మమ్మల్ని ప్రయోగశాల ఎలుకల్లా చూశారు" అని వాళ్ళు అన్నారంటే అనరూ మరి! సంస్థ భవనాలు కట్టడానికి ఎంచుకున్న హిజియామా కొండేమో అంతకుముందు సైనికుల శ్మశానం ఉన్న చోటు. అదీ ఊరివాళ్ళకి కోపం తెప్పించింది. ఇదంతా జరిగిన డెబ్భై ఏళ్ళకి, 2017లో, ఆ సంస్థకి వారసురాలైన సంస్థ అధ్యక్షుడు బహిరంగంగా విచారం వెలిబుచ్చారు. అప్పటికి ఎంతమంది మిగిలి ఉంటారు వినడానికి?

మొదట వచ్చినవాళ్ళలో జేమ్స్ నీల్, విలియం షల్ అని ఇద్దరు జన్యుశాస్త్రవేత్తలు. బాంబు నుంచి బతికినవాళ్ళకి పుట్టే పిల్లలకి అవకరాలు ఉంటాయా అన్నది వాళ్ళ ప్రశ్న. దీనికి వాళ్ళు పట్టుకున్న ఉపాయం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. యుద్ధానంతర జపాన్‌లో తిండికి కటకట. గర్భిణీ స్త్రీకి అయిదో నెల రాగానే అదనపు రేషన్ ఇచ్చేవారు. అదనపు బియ్యం కోసం ఎలాగూ పేరు నమోదు చేయించుకుంటారు కదా, అక్కడే ఇంకో కాగితం నింపించి, బాంబు పడ్డప్పుడు ఆ భార్యా భర్తా ఎక్కడున్నారో రాయించుకున్నారు. కాన్పు కాగానే మంత్రసాని కబురు చేసేది. అలా 1948 నుంచి 1954 వరకు 70,000కి పైగా పురుళ్ళు లెక్కలోకి వచ్చాయి. ఆకలి పుట్టించిన క్యూలోంచి ఇంత సంపూర్ణమైన డేటా వచ్చిందంటే ఏమనాలో తెలియదు. మంచి సిస్టమ్ డిజైన్ అని నాలోని ఇంజనీరు అంటాడు. ఆ క్యూలో నిలబడ్డ అయిదోనెల గర్భిణి ఏమనుకుని ఉంటుందో అని ఇంకో మనసు అంటుంది.

1956లో వెలువడ్డ ఫలితం చాలామంది ఊహించినది కాదు. తల్లిదండ్రులకి తగిలిన రేడియేషన్ వల్ల పిల్లల్లో అవకరాలు పెరిగినట్టు లెక్కలకి అందలేదు. ఆ తరువాతి పరిశీలనల్లోనూ స్పష్టంగా కనపడలేదు. కానీ జపాన్‌లో పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు ఆ నివేదికలు చదవలేదు. హిరోషిమా పిల్ల అంటే వెనక్కి తగ్గడం చాలాకాలం సాగింది. జాతకం కుదిరినా ఏదో వంక పెట్టి తప్పుకునే మనవాళ్ళు గుర్తొస్తే, జపాన్‌వాళ్ళని తప్పుపట్టడానికి నోరు రాదు.

పెద్దల సంగతి వేరు. 1940ల ఆఖర్లో హిరోషిమా రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో డాక్టర్ తకుసో యామావాకి అనే ఆయన, తన దగ్గరికి వచ్చే లుకేమియా రోగులు మరీ ఎక్కువవుతున్నారని గమనించాడు. పెద్ద సంస్థ కాదు, పెద్ద యంత్రమూ కాదు, వార్డులో తిరిగే ఒక డాక్టరు పసిగట్టాడు. అమెరికన్ డాక్టర్లతో కలిసి ఆయన రాసిన పరిశోధనాపత్రం 1952లో వచ్చింది. మన పిల్లలు ఇక్కడి బడుల్లో చదువుకునే సదాకో ససాకి కథ ఆ కాలానిదే. రెండేళ్ళ వయసులో బాంబు నుంచి బయటపడి, 1955లో లుకేమియాతో చనిపోయిన కాగితపు కొంగల పిల్ల. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఆ కథ చదివొచ్చి నన్ను కొంగ మడవమంది. నాకు కాగితం పడవ తప్ప రాదు.

గణాంక శాస్త్రజ్ఞులు అసలు రంగంలోకి దిగింది ఇక్కడ. 1955 నాటికి ఎ.బి.సి.సి. మూసేస్తారేమో అన్నంత దీనస్థితిలో ఉంది. వచ్చిన రోగిని పరీక్షించడం, దొరికినది రాసుకోవడం, రెండేళ్ళు కాగానే అమెరికన్ డాక్టరు ఇంటికి వెళ్ళిపోవడం. కొత్తగా వచ్చినవాడు తనకి నచ్చిన పని మొదలుపెట్టడం. ఏం చెయ్యాలో చూడమని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి థామస్ ఫ్రాన్సిస్‌ని పంపారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో పోలియో టీకా పనిచేస్తుందని ప్రపంచానికి లెక్కలతో చూపించిన మనిషి ఆయన. ఆయనతో సేమూర్ జాబ్లన్, ఫీలిక్స్ మూర్ అని ఇద్దరు గణాంక నిపుణులు వెళ్ళారు.

వాళ్ళు చెప్పిన సలహా వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళని లెక్కపెట్టకండి. ముందే ఒక జాబితా రాసుకోండి. దగ్గరున్నవాళ్ళు, దూరంగా ఉన్నవాళ్ళు, ఆ రోజు ఊళ్ళోనే లేనివాళ్ళు అందరూ అందులో ఉండాలి. రాశాక ఆ జాబితాని ఇక మార్చకండి. జబ్బుపడినా పడకపోయినా, వేరే ఊరు వెళ్ళినా, మీ మొహం చూడనన్నా, వాళ్ళలో ప్రతి ఒక్కరూ ఎప్పుడు, దేనివల్ల చనిపోయారో చివరిదాకా రాస్తూ పొండి. అంతే.

ఇది ఎందుకు ముఖ్యమో మన భాషలో చెప్పుకుందాం. గుడి ముందు నిలబడి వచ్చినవాళ్ళని "మీకు దేవుడి మీద నమ్మకం ఉందా?" అని అడిగితే ఊరంతా భక్తులే అని తేలుతుంది. ఇంటింటికీ తిరిగి అడిగితేనే ఊరి సంగతి తెలుస్తుంది. ఎ.బి.సి.సి. అప్పటిదాకా చేసింది గుడి ముందు లెక్క.

అదృష్టవశాత్తు 1950 అక్టోబరు జనాభా లెక్కల్లో, బాంబు పడ్డప్పుడు మీరు ఆ రెండు ఊళ్ళలో ఉన్నారా అని దేశమంతటా అడిగారు. సుమారు 2,84,000 మంది ఉన్నామన్నారు. ఆ పేర్లలోంచే జాబితా తయారైంది. దీని విధివిధానాలు రాసింది మొరిహిరో ఇషిదా అనే జపనీయుడు, గిల్బర్ట్ బీబీ అనే అమెరికన్. 1959లో వచ్చింది ఆ పత్రం. చివరికి జాబితాలో నిలిచినవాళ్ళు సుమారు 1,20,000 మంది. బాంబు పడ్డప్పుడు ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళు దాదాపు 94,000, లేనివాళ్ళు దాదాపు 27,000. దీన్నే 'లైఫ్ స్పాన్ స్టడీ' అంటారు. వీళ్ళలో సుమారు 20,000 మందిని 1958 నుంచి రెండేళ్ళకోసారి పిలిచి ఒళ్ళంతా పరీక్షించారు. మన కన్వెన్షన్ లాగే రెండేళ్ళకోసారి. వాళ్ళ హాజరు మనకన్నా నయం.

మరి ఇంతమంది చావులు ఎలా తెలిశాయి? జపాన్‌లో 'కోసెకి' అని కుటుంబ రిజిస్టరు ఉంటుంది. మన కరణంగారి దస్తరం భూమికి ఎలాంటిదో, ఇది మనుషులకి అలాంటిది. పుట్టుక, పెళ్ళి, దత్తత, చావు అన్నీ అందులో ఎక్కాల్సిందే, దేశంలో ఎక్కడ ఉన్నా సరే. ఆ రిజిస్టర్లు వరసగా చూసుకుంటూ పోతే జపాన్‌లో చనిపోయిన మనిషి లెక్క తప్పడం దాదాపు అసాధ్యం. ఈ పద్ధతి లేకపోతే అమెరికన్ల తెలివితేటలు ఎన్ని ఉన్నా ఈ పని సాగేది కాదు. ఎంతసేపూ అమెరికన్ల పేర్లే చెప్పుకుంటాం గానీ, ఇళ్ళకి వెళ్ళి తిట్లు తిని బతిమాలినవాళ్ళూ, రిజిస్టర్లు తిరగేసినవాళ్ళూ, కార్డులు పంచ్ చేసినవాళ్ళూ ఎక్కువమంది జపనీయులే.

చావు తెలిస్తే సగమే. ఎంత రేడియేషన్ తగిలిందో తెలియాలి. వాళ్ళెవరి జేబుకీ మా పెదనాన్న బ్యాడ్జీ లేదు. అందుకని అడిగారు. ఆ క్షణంలో ఎక్కడున్నావు? ఇంట్లోనా, బయటా? ఏ గదిలో? ఏ వైపు తిరిగి నిలబడ్డావు? మధ్యలో గోడ ఉందా? ఇల్లంతా బొమ్మ గీసి, మనిషి ఉన్నచోట గుర్తు పెట్టి, పదేళ్ళ కిందటి ఒక్క క్షణాన్ని మళ్ళీ కట్టారు. అవతల 1962లో నెవాడా ఎడారిలో 1,527 అడుగుల టవరు నిలబెట్టి, దాని మీద కవచం లేని చిన్న రియాక్టరు పెట్టి, కింద జపాన్ తరహా ఇళ్ళు కట్టి, గోడ ఎంత ఆపుతుందో కొలిచారు. దాన్నిబట్టి 1965లో ఒక డోసు పద్ధతి వచ్చింది. 1980లలో మళ్ళీ లెక్కేస్తే, హిరోషిమాలో న్యూట్రాన్లని బాగా ఎక్కువగా అంచనా వేశామని తేలింది. 1986లో మొత్తం తిరగరాశారు, 2002లో ఇంకోసారి సవరించారు. ప్రొడక్షన్‌లో ఇరవై ఏళ్ళు నడిచిన కోడ్‌లో మూలసంఖ్యే తప్పని ఒప్పుకోవడం ఎంత కష్టమో మీలో చాలామందికి తెలుసు. వీళ్ళు ఒప్పుకుని, పాత డోసుతో ఇలా, కొత్త డోసుతో ఇలా అని రెండూ పక్కపక్కన అచ్చువేశారు. ఆ కాగితాలు చూశాక నాకు వీళ్ళ మీద గౌరవం కలిగింది.

బీబీ, జాబ్లన్ ఇద్దరూ సంసారాలతో హిరోషిమా వెళ్ళి రెండేసి మూడేసి ఏళ్ళు ఉండి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళారు. ఒకరు దిగితే ఒకరు ఎక్కినట్టు గణాంక విభాగం నడిపారు. షల్ అయితే జపనీస్ నేర్చుకుని ఆ ఊరి మనిషిలా తిరిగాడు, జ్ఞాపకాల పుస్తకం కూడా రాశాడు. 1975 ఏప్రిల్ 1న ఎ.బి.సి.సి. పోయి, రెండు దేశాల ఉమ్మడి సంస్థగా 'రేడియేషన్ ఎఫెక్ట్స్ రీసెర్చ్ ఫౌండేషన్' వచ్చింది. ఆ తర్వాత 1980ల్లో వెళ్ళిన డేల్ ప్రెస్టన్ రెండు దశాబ్దాలకి పైగా అక్కడే ఉండిపోయాడు. మనం "రెండేళ్ళు సంపాదించుకుని వెళ్ళిపోదాం" అనుకుని వచ్చి ఇరవై ఏళ్ళయినట్టే! ఆరెగాన్ నుంచి వచ్చిన డొనాల్డ్ పియర్స్ మొదలైనవాళ్ళతో కలిసి ఆయన 'ఎపిక్యూర్' అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. వ్యక్తి వ్యక్తికీ విడిగా కాకుండా వయసు, డోసు, ఊరు, కాలం వారీగా గుంపులు చేసి, ఎన్ని మనిషి-సంవత్సరాలకి ఎన్ని చావులో పట్టిక వేసి, అందులోంచి అదనపు ప్రమాదాన్ని పిండుతుంది అది. అప్పటి కంప్యూటర్ల మెమరీలో లక్ష మంది జీవితాలు పట్టాలంటే ఇంతకన్నా మార్గం లేదు. ఈ రంగంలో ప్రపంచమంతా చాలాకాలం ఆ ప్రోగ్రామే వాడింది. అప్పట్లో ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు హిరోసాఫ్ట్, ఊరు సియాటిల్.

ఇక్కడ మనవాడి ప్రస్తావన ఒకటి తేకుండా ఉండలేను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా వెళ్ళి, 1946లో కేంబ్రిడ్జి వెళ్ళారు. ఎందుకు? సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వితీసిన వేల ఏళ్ళనాటి అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. అంటే ఆయనా పరాయిదేశం వెళ్ళి మనుషుల ఎముకలు లెక్కపెట్టినవారే. అక్కడుండగా 1948లో ఆయన ప్రచురించిన పరీక్షని 'రావ్ స్కోర్ టెస్ట్' అంటారు. ఇవాళ 'ఆర్' అనే ప్రోగ్రాములో రోగుల ఆయుర్దాయం మీద కాక్స్ మోడల్ నడిపితే ఫలితం కింద మూడు వరసలు వస్తాయి. మూడోది స్కోర్ టెస్ట్. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో బఫెలోలో కన్నుమూశారు. ఆయన హిరోషిమాలో పనిచెయ్యలేదు. కానీ ఈ జాతి లెక్కలు వేసేవాళ్ళ పనిముట్ల పెట్టెలో ఆయన సుత్తి ఒకటి ఉంటుంది.

సరే, ఇన్నేళ్ళ లెక్కకి ఏం తేలింది?

ఊళ్ళలో ఎవరినైనా అడగండి, హిరోషిమాలో బతికినవాళ్ళంతా కేన్సరుతోనే పోయారంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2017లో వచ్చిన లెక్క ప్రకారం 1958 నుంచి 2009 దాకా ఆ జాబితాలో 22,538 మందికి గడ్డ కేన్సర్లు వచ్చాయి. వాటిలో రేడియేషన్ వల్ల వచ్చినవి 992 అని అంచనా. మిగతావి మామూలుగా మనుషులకి వచ్చేవే. లుకేమియా మాత్రం వేరు కథ. చెప్పుకోదగ్గ డోసు తగిలినవాళ్ళలో 2000 దాకా 204 మంది లుకేమియాతో పోతే, అందులో 94 మంది, అంటే ఇంచుమించు సగం, రేడియేషన్ ఖాతాలోవాళ్ళు. లుకేమియా తొందరగా వచ్చి, కొన్నేళ్ళకి తగ్గుముఖం పట్టింది. గడ్డ కేన్సర్లు ఆలస్యంగా, మనిషి కేన్సరు వయసుకి చేరాక వచ్చాయి. చిన్నప్పుడు తగిలినవాళ్ళకి ప్రమాదం ఎక్కువ, ఆడవాళ్ళకి మగవాళ్ళకన్నా ఎక్కువ.

ఈ అంకెలే ప్రపంచం మొత్తానికి కొలబద్దలయ్యాయి. 1990లో అంతర్జాతీయ సంఘం, రేడియేషన్‌తో పనిచేసేవాళ్ళ పరిమితిని ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌ల నుంచి అయిదేళ్ళ సగటున 20కి తగ్గించమంది. హిజియామా కొండమీద డోసులు తిరగరాయడం, కొత్త చావులు కలవడం దానికి ముఖ్యకారణం. ఇండియా కూడా తగ్గించింది. అంటే మా పెదనాన్న ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పరిమితి, రిటైరయ్యేసరికి ఇంకొకటి. మధ్యలో మారింది ఆయన ఒళ్ళు కాదు, హిరోషిమా పట్టిక.

ఆ పట్టికలో ఒక లోటు ఉంది, చెప్పకపోతే తప్పు. జాబితా మొదలైంది 1950 అక్టోబరులో. అంతకుముందు అయిదేళ్ళలో పోయినవాళ్ళు అందులో లేరు. ఆకలికీ, గాయాలకీ, అంటురోగాలకీ తట్టుకున్న గట్టి ప్రాణాలే మిగిలాయని, వాళ్ళని చూసి అందరికీ కొలతలు పెడితే ప్రమాదం తక్కువగా కనిపిస్తుందని ఇంగ్లండులో ఆలిస్ స్టీవర్ట్ అనే డాక్టరమ్మ దశాబ్దాలు వాదించింది. గర్భిణులకి ఎక్స్‌రే తీస్తే పుట్టే పిల్లలకి కేన్సరు రావచ్చని 1950ల్లోనే చూపించి అందరిచేతా తిట్లు తిన్న మనిషి. హిరోషిమా విషయంలో ఆమె మాట పూర్తిగా నెగ్గలేదు. పూర్తిగా వీగిపోలేదు కూడా. పైగా బాంబు రేడియేషన్ ఒక్క క్షణంలో తగిలింది. ఎక్స్‌రే గదిలో కొంచెం కొంచెంగా ముప్ఫై ఏళ్ళు తగిలితే? దానికి వేరే లెక్కలు కట్టారు. అమెరికాలో 1,46,000 మంది ఎక్స్‌రే టెక్నాలజిస్టులని 1980ల నుంచి గమనించారు. ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికాలలో మూడు లక్షలకి పైగా అణుపరిశ్రమ కార్మికుల లెక్క 2023లో మరోసారి తాజా అయింది. చిన్న డోసులు పోగుపడ్డా ప్రమాదం పెరుగుతూనే ఉంటుందని అది చెప్పింది.

నా చిక్కుముడి ఇక్కడే పడింది. పెద్దమ్మ అడిగింది ఎంతమందికి అని కాదు, ఈయనకి అని.

లెక్క ఇలా ఉంటుంది. ఒక వయసులో వందమందికి మామూలుగా కేన్సరు వచ్చేచోట, కొంత రేడియేషన్ తగిలితే 147 మందికి వచ్చిందనుకుందాం. అదనం 47. కానీ ఆ 147 మందిలో ఏ 47 మంది? ఏ సూక్ష్మదర్శినీ చెప్పలేదు. కేన్సరు మీద తయారీ ముద్ర ఉండదు. కాబట్టి 147లో 47, అంటే ఒక్కొక్కరికీ 32 శాతం అని పంచుతారు. 'కారణ సంభావ్యత' అని దానికి పేరు. ఎవరికీ నూరు శాతమూ కాదు, ఎవరికీ సున్నా కాదు.

శాస్త్రానికి ఇది చాలు. కోర్టుకి చాలదు. 2001లో జపాన్ ప్రభుత్వం ఈ శాతాన్నే తీసుకుని బాధితుల దరఖాస్తులకి కొలతగా పెట్టింది. 50 శాతం దాటితే బాంబు వల్లే వచ్చిందని అనుకోవచ్చు, 10 కన్నా తక్కువైతే కాదనుకోవచ్చు అని. 1,20,000 మంది తమ రక్తం ఇచ్చి కట్టిన పట్టిక తిరిగొచ్చి, వాళ్ళలోనే ముసలివాళ్ళ దరఖాస్తుల మీద "మీకు చాలదు" అనే ముద్రగా పడింది. 2003 నుంచి వాళ్ళు గుంపులుగా కోర్టుకెక్కారు, వరసగా గెలిచారు. 2008లో ప్రభుత్వం నియమాలు సడలించింది, 2009 ఆగస్టు 6న హిరోషిమాలోనే ప్రధానమంత్రి ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

అదే పట్టికని అమెరికా ఇంకోలా వాడింది. అణ్వాయుధ కర్మాగారాల్లో పనిచేసి కేన్సరు పాలైనవాళ్ళకి 2000లో ఒక చట్టం చేశారు. అక్కడా కారణ సంభావ్యత 50 శాతం ఉండాలి. కానీ ఆ అంచనాలో ఉన్న అనిశ్చితి అంతా లెక్కేసి, దాని 99వ శాతం పైగీత 50ని తాకితే చాలునన్నారు. అంటే సందేహం ఉంటే కార్మికుడి పక్షాన. తాకితే 1,50,000 డాలర్లు. ఒకే కొండమీది ఒకే లెక్క. తెలియనిదాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది మాత్రం లెక్క చెప్పదు, మనుషులు తేల్చుకోవాలి. ఈ చట్టం కూడా అందరికీ న్యాయం చేసిందని నేననను. పాత రికార్డులు లేక తిప్పలు పడ్డవాళ్ళు ఎందరో.

2009 శరదృతువులో ఆఫీసు పనిమీద ఒసాకా వెళ్ళి, ఆదివారం రైలెక్కి హిరోషిమా పోయాను. పార్కూ మ్యూజియమూ చూసి, ట్రామ్ దిగి కొండ ఎక్కాను. చెట్ల మధ్య, డ్రమ్ముని నిలువునా కోసి బోర్లించినట్టు గుండ్రటి కప్పులతో పొడుగాటి భవనాలు వరసగా ఉన్నాయి. సెలవురోజు, అన్నీ మూసి ఉన్నాయి. ఒక ముసలాయన కుక్కని తిప్పుకుంటూ వెళ్తూ నాకు తలవంచి నమస్కారం చేశాడు. నేనూ చేశాను. అంతకన్నా జరిగిందేమీ లేదు.

ఆ డిసెంబరులో ఇండియా వెళ్ళాను. పెదనాన్న పోయి అప్పటికి అయిదేళ్ళు. భోజనాలయ్యాక పెద్దమ్మ బీరువాలోంచి ఒక లెక్కల పుస్తకం తీసుకొచ్చింది. బొంబాయి నుంచి వచ్చిన ప్రతి కాగితంలోని అంకెనీ ఆయన తన గుండ్రటి అక్షరాలతో తేదీ వేసి ఎక్కించుకున్నారు. మూడునెలలకో వరస. కూర్చుని మొత్తం కూడాను. 20 మిల్లీసీవర్ట్‌లు కూడా దాటలేదు. అయితే పుస్తకం మొదలైంది 1970లో, ఆయన ఉద్యోగంలో చేరింది 1964లో. మొదటి ఆరేళ్ళు ఆ ఆసుపత్రిలో బ్యాడ్జీలే లేవు. పాత యంత్రం. పిల్లలు కదులుతుంటే తనే పట్టుకునేవారట.

"చాలా తక్కువే పెద్దమ్మా" అన్నాను.

"తక్కువంటే, దానివల్ల కాదనా?"

"కాదని చెప్పలేను. అవుననీ చెప్పలేను. ఆరేళ్ళ లెక్క లేదు కదా."

"మీ పెదనాన్న కూడా ఇదే అన్నారు" అని పుస్తకం తీసుకుని, చీరల మడతల కింద ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టి బీరువాకి తాళం వేసింది.